మధ్యాహ్నానికి మూగబోయే ఫజ్ పెడల్

చిరంజీవి అల్లునికి, కడప నుంచి మామ దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు కట్టిన ఫజ్ పెడల్, అదే గిటార్ సౌండ్‌ను బొంగురుగా మార్చే ఆ కాలి డబ్బా, పొద్దున బాగా మోగి మధ్యాహ్నానికి మూగబోయి రాత్రికి మళ్లీ కోలుకుంటోందన్నావు. నువ్వు పంపిన ఫొటోలు చూశాను, రికార్డింగ్ నాలుగైదు సార్లు విన్నాను. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావని రాస్తున్నా. సోల్డరింగ్ ఐరన్ వేడి చేసే ముందు మొత్తం చదువు.

మొట్టమొదట, ఇంకే పార్టూ పీకొద్దు అబ్బీ. "ట్రాన్సిస్టర్లు పోయినట్టున్నాయి, మార్చేస్తా" అన్నావు. పోయిన ట్రాన్సిస్టర్ పొద్దున బాగా మోగి, మధ్యాహ్నం గరగరమని నీరసించి, రాత్రికి మళ్లీ కోలుకోదు. ఒకసారి పెళ్లి ఆర్కెస్ట్రా వాళ్ల ఆంప్లిఫయర్‌లో నేను ఇలాగే తొందరపడి మూడు ట్రాన్సిస్టర్లు మార్చాను. తెల్లారేసరికి తేలిందేమిటంటే, ఇన్‌పుట్ జాకు కాలి దగ్గర డ్రై సోల్డర్, అంటే టంకం సరిగ్గా అతకలేదు. బాగున్న మూడు పార్టులు చెత్తబుట్టలో పడ్డాయి. ఆ రోజు నుంచి మీటర్ పెట్టి కొలవకుండా దేన్నీ పీకలేదు.

చిన్న విషయాలు ముందు ముగించెయ్. బ్యాటరీని పెడల్ ఆన్‌లో ఉండగా కొలువు, విడిగా కాదు. నీ ఇన్‌పుట్ జాకు స్టీరియోది కాబట్టి పిన్ను గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది. పడుకునే ముందు పిన్ను పీకెయ్. ఫుట్ స్విచ్ తొమ్మిది కాళ్ల మీద ఐరన్ ఎక్కువసేపు ఆనిస్తే లోపలి ప్లాస్టిక్ కరిగి కాంటాక్టు వదిలేస్తుంది. మీటర్‌ను కంటిన్యుటీలో (రెండు చోట్లు కలిసి ఉంటే బీప్ కొట్టే సెట్టింగ్) పెట్టి, స్విచ్ నొక్కుతూ బీప్ విను. టంకం చుక్క వెండిలా మెరుస్తూ కాలి చుట్టూ పాకి ఉండాలి. బూడిదరంగులో ఉండలా కూర్చుంటే పేస్ట్ రాసి మళ్లీ కరిగించు.

సౌండ్ మధ్యలో ఎక్కడ ఆగిపోతోందో పట్టుకోవడానికి చెవిని మించింది లేదు. ఒక షీల్డు వైరు (లోపలి తీగ చుట్టూ తీగల వల ఉండేది) తీసుకో. ఒక కొసను ఆంప్‌కు పెట్టు. రెండో కొసలో లోపలి తీగకు 0.1 మైక్రోఫారడ్ కండెన్సర్ అతికించు, షీల్డును పెడల్ గ్రౌండ్‌కు కలుపు. కండెన్సర్ ఉంటే బ్యాటరీ వోల్టేజీ ఆంప్‌లోకి పోదు, సౌండ్ మాత్రమే పోతుంది. గిటార్ బదులు ఫోన్లో ఒక పాట పెట్టి ఇన్‌పుట్‌కు ఇవ్వు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ట్రాన్సిస్టర్ కాళ్లలో సౌండ్ బేస్ దగ్గర లోపలికి వెళ్లి కలెక్టర్ దగ్గర బయటికి వస్తుంది. ఆంప్ వాల్యూమ్ బాగా తగ్గించి, ఆ కండెన్సర్ కాలితో ఒక్కో చోటా తాకుతూ పో: జాకు, మొదటి ట్రాన్సిస్టర్ బేస్, దాని కలెక్టర్, రెండోదాని కలెక్టర్, వాల్యూమ్ కంట్రోల్. బేస్ దగ్గర సన్నగా వినిపిస్తే కంగారుపడకు, అక్కడ అంతే. రెండో కలెక్టర్ దగ్గర బ్రహ్మాండంగా మోగి, 470 ఓమ్స్, 8.2 కే (కిలో ఓమ్స్) రెసిస్టర్లు కలిసే చోట ఒక్కసారిగా తగ్గుతుంది. అదీ తప్పు కాదు, డిజైనే అంత. వినిపిస్తున్న పాట ఏ రెండు చోట్ల మధ్య మాయమైతే తప్పు అక్కడుంది.

రెండో ఫొటో పెద్దది చేసి చూశాను. 22 మైక్రోఫారడ్ కండెన్సర్ మీది మైనస్ చార గ్రౌండ్ వైపు ఉంది. నువ్వు చూసిన సర్క్యూట్ బొమ్మ ఎన్‌పీఎన్ రకం ట్రాన్సిస్టర్లది అయ్యుంటుంది. నా డబ్బాలోంచి నువ్వు పట్టుకెళ్లిన ఏసీ 128 ట్రాన్సిస్టర్లు పీఎన్‌పీ, వాటికి ప్లస్ మైనస్‌లు తలకిందులు. వీటికి బ్యాటరీ ప్లస్సే గ్రౌండ్, కాబట్టి ఆ కండెన్సర్ ప్లస్ కాలు గ్రౌండ్‌కు రావాలి. ఇన్‌పుట్ కండెన్సర్ ప్లస్ కాలు గిటార్ వైపు ఉండాలి. రెండూ కొత్తవి వెయ్. ఇంకో జాగ్రత్త, ఈ పెడల్‌ను వేరే పెడళ్లతో కలిపి ఒకే అడాప్టర్‌కు తగిలించావంటే నేరుగా షార్టే. దీనికి దాని బ్యాటరీ దానికే ఉంచు.

ఇక అసలు జబ్బు. నువ్వు కట్టింది 1966లో లండన్‌లో వచ్చిన ఫజ్ ఫేస్ సర్క్యూట్. పేరుమోసిన గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ వాయించినది అదే. మొదట్లో దానికి వేసినవి ఎన్‌కేటీ 275 జెర్మేనియం ట్రాన్సిస్టర్లు. నీ ఏసీ 128లూ జెర్మేనియానివే. జెర్మేనియానికి వేడి పడదు. లీకేజీ కరెంటు (ట్రాన్సిస్టర్‌లో అక్కర్లేకుండా కారిపోయే కరెంటు) సుమారు ప్రతి 10 డిగ్రీలకూ రెట్టింపవుతుంది. లండన్ చలిలో పుట్టిన సర్క్యూట్‌ను నువ్వు అనంతపురంలో ఏప్రిల్ నెలలో, రేకుల గదిలో వాయిస్తున్నావు. తెల్లవారుజామున 25 డిగ్రీలున్న గది మధ్యాహ్నం 40 దాటితే లీకేజీ దాదాపు మూడింతలు. అప్పుడు ట్రాన్సిస్టర్ పనిచేసే వోల్టేజీయే పక్కకు జరిగిపోతుంది, సౌండ్ తెగిపోతుంది.

నమ్మకం కుదరకపోతే నువ్వే చూడు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ మీద మీటర్ పెట్టు. నలుపు పిన్ను గ్రౌండ్ మీద పెడితే అంకె ముందు మైనస్ కనిపిస్తుంది, అది సరైనదే. 9 వోల్టుల బ్యాటరీకి 4.5 దగ్గర ఉండాలి. ఇప్పుడు మొదటి ట్రాన్సిస్టర్ రేకు టోపీని రెండు వేళ్లతో పట్టుకుని అరనిమిషం ఉండు. మీటర్‌లో అంకె మెల్లగా కదులుతుంది. నీ వేళ్ల వెచ్చదనానికే అలా కదిలితే, ఎండాకాలం మధ్యాహ్నానికి ఏమవుతుందో నీకే అర్థమవుతుంది. టంకం వేసిన వెంటనే మాత్రం కొలవొద్దు, పావుగంట ఆగు. ఇకమీదట జెర్మేనియం కాలికి ఐరన్ పెట్టేటప్పుడు ట్రాన్సిస్టర్‌కూ ఐరన్‌కూ మధ్య నోస్ ప్లయర్‌తో ఆ కాలు పట్టుకో, వేడి ప్లయర్‌లోకి పోతుంది.

మందు ఏమిటంటే, ఆ 8.2 కే తీసి 20 కే ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పి విలువ మార్చే రెసిస్టర్) వెయ్. దాన్ని తిప్పి రెండో కలెక్టర్‌ను 4.5 వోల్టులకు తెచ్చి, తర్వాత మీటర్ పక్కన పెట్టి చెవితో సరిచూసుకో. ఇంకా మంచిది, ప్రీసెట్ బదులు చిన్న కంట్రోల్ పెట్టి నాబ్ బయటికి తీసుకో. మధ్యాహ్నం ప్రోగ్రాం ఉంటే అక్కడికక్కడే సర్దుకోవచ్చు. బీసీ 108 లాంటి సిలికాన్ వేస్తే ఈ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది, అయితే అవి ఎన్‌పీఎన్, బ్యాటరీ, కండెన్సర్లు అన్నీ తిరగెయ్యాలి. పైగా సౌండ్ కరుగ్గా ఉంటుంది. నాకైతే జెర్మేనియం మెత్తదనమే ఇష్టం. అంత కష్టపడి కట్టావు, వదులుకోవద్దు.

పెడల్‌లో రేడియో వార్తలు వినిపిస్తున్నాయన్నావు. పొడుగు తీగలు ఏరియల్‌లా పనిచేస్తున్నాయి. ఇన్‌పుట్ తీగ పొట్టిగా కత్తిరించి షీల్డు వైరు వెయ్, రేకు డబ్బాను గ్రౌండ్‌కు కలుపు. అప్పటికీ ఆగకపోతే మొదటి బేస్ నుంచి గ్రౌండ్‌కు 100 పీఎఫ్ చిన్న కండెన్సర్ ఒకటి.

కండెన్సర్లు తిప్పాక, ప్రీసెట్ వేయకముందే, రెండు ట్రాన్సిస్టర్ల మూడేసి కాళ్ల వోల్టేజీలు పొద్దున ఆరుకు ఒకసారి, మధ్యాహ్నం రెండుకు ఒకసారి కాగితం మీద రాసి నాకు ఫొటో పంపు. నా దగ్గర ఇంకో నాలుగు ఏసీ 128లు ఉన్నాయి. లీకేజీ కొలిచి తక్కువ ఉన్న రెండు పక్కన పెడతాను. వచ్చే ఆదివారం మీ అమ్మ అనంతపురం వస్తోంది, ఆమె చేతికిచ్చి పంపుతా.

ఆశీస్సులతో,
మామ