పెద్ద సైజు కార్బన్ సైకిల్ ఫ్రేములు మెత్తగా ఉంటాయా?

ఆరడుగుల నాలుగంగుళాల ఎత్తు, 95 కిలోల బరువు ఉన్న ఒకరు, తమకు 61 సైజు కార్బన్ (కార్బన్ పోగుల పొరలతో చేసిన) సైకిల్ ఫ్రేమ్ తగినంత దృఢంగా ఉంటుందా, లేక స్టీలుకే వెళ్లాలా అని అడిగారు. దాదాపు అదే ఎత్తున్నవాడిగా నా జవాబు ఇది: కార్బన్‌ను అనుమానించనక్కర్లేదు; ఆ సైజును విడిగా రూపొందించారా లేదా అన్నదే చూడాలి.

నా పాత కార్బన్ ఫ్రేమ్ చదును రోడ్డుమీద ఏ లోపమూ చూపించేది కాదు. ఒకసారి పొడవైన దిగుడులో వేగం బాగా పెరిగాక హ్యాండిల్ సన్నగా వణకడం మొదలై, చూస్తుండగానే ముందు చక్రం అటూ ఇటూ కొట్టుకునేంతగా ముదిరింది. ఎంత గట్టిగా పట్టుకుంటే ఊపు అంత పెరిగింది. సీటు మీది బరువును పెడళ్ల మీదికి మార్చి, మోకాలిని టాప్ ట్యూబ్‌కు (ఫ్రేమ్ పై గొట్టానికి) అదిమిపెట్టాకే అది తగ్గింది. కిందికి చేరాక హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు), స్పోకులు, టైర్లు అన్నీ పరీక్షించాను. ఎక్కడా వదులు లేదు. తరువాత అవే చక్రాలను లావు డౌన్ ట్యూబ్ (హ్యాండిల్ దగ్గరి నుంచి పెడళ్ల వైపు దిగే గొట్టం) ఉన్న మరో కార్బన్ ఫ్రేమ్‌కు వేసి అదే దిగుడులో దిగితే వణుకు జాడ కూడా లేదు. ఇలాంటి వణుకుకు ఇతర కారణాలూ ఉంటాయి గానీ, నా విషయంలో ఫ్రేమ్ ముందు భాగం మెలితిరగడమే కారణమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పెద్ద సైజు ఫ్రేమ్‌లో గొట్టాలు పొడవుగా ఉంటాయి. గొట్టం పొడవు 10 శాతం పెరిగితే అదే బలానికి అది వంగడం సుమారు 33 శాతం, మెలితిరగడం 10 శాతం పెరుగుతాయి. గోడ మందం మార్చకుండా వ్యాసాన్ని 20 శాతం పెంచితే దృఢత్వం 70 శాతానికి పైగా పెరుగుతుంది, బరువు మాత్రం 20 శాతమే పెరుగుతుంది. పైగా కార్బన్ పోగు తన నిడివి వెంటే గట్టిగా ఉంటుంది కనుక, మెలిని ఆపాలంటే గొట్టం అక్షానికి 45 డిగ్రీల వాలులో రెండు వైపులా పొరలు వేయాలి. ఇంత వెసులుబాటు లోహానికి లేదు. అయినా మధ్య సైజుకు కుదిరిన గొట్టాలనే పొడిగించి పెద్ద సైజుగా అమ్మితే కార్బన్ చేయగలిగిందేమీ లేదు. సైకిళ్లు తయారుచేసే స్పెషలైజ్డ్ సంస్థ 2014లో కొత్త టార్మాక్ అనే రేసింగ్ సైకిల్‌ను తెచ్చినప్పుడు ప్రతి సైజుకూ వేరుగా నిర్మాణం చేశామని ప్రత్యేకంగా ప్రకటించుకుంది. అది అప్పటికి గొప్పగా చెప్పుకోవలసిన విషయమైందంటే పొడవాటివారిని ఎంత నిర్లక్ష్యం చేశారో ఊహించండి.

ప్రచారాలలో ఫ్రేమ్ బరువు సాధారణంగా మధ్య సైజుదే ఇస్తారు, సమీక్షలు రాసేవారు నడిపేదీ ఎక్కువగా అదే. ఆ అంకెలతో మనకు పని లేదు. ‘హై మాడ్యులస్’ అన్న ముద్ర కూడా పోగు ఎంత గట్టిదో మాత్రమే చెబుతుంది తప్ప గొట్టం వ్యాసాన్ని గానీ పొరల అమరికను గానీ చెప్పదు.

కొనేముందు 61 సైజులో డౌన్ ట్యూబ్ వ్యాసం, పొరల అమరిక మధ్య సైజైన 56కు భిన్నంగా ఉన్నాయా అని సూటిగా అడగండి. ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టి ఉంచే భాగం) గురించి కూడా అదే ప్రశ్న వేయండి. వీలైతే బ్రేకులు మంచి స్థితిలో ఉన్నాయని చూసుకుని, ఒక దిగుడులో కొద్దికొద్దిగా వేగం పెంచుతూ నడిపి చూసిన తరువాతే డబ్బు చెల్లించండి.