కండ పెరగాలంటే హెవీ ట్రైనింగా, స్ప్లిట్ వర్కవుటా?

హెవీ అంటే ఎక్కువ బరువును తక్కువసార్లు లేపడం, స్ప్లిట్ అంటే ఒక్కో రోజు ఒక్కో కండకు వర్కవుట్ చేయడం. ఒక్కో కండకు వారం మొత్తంలో పడే గట్టి సెట్ల (ఆగకుండా ఒక విడతలో చేసే వ్యాయామం ఒక సెట్) సంఖ్య సమానంగా ఉంటే, రెండింటిలో దేనితోనైనా కండ దాదాపు ఒకేలా పెరుగుతుంది. బలం మాత్రం హెవీతోనే ఎక్కువ వస్తుంది.

కండ పెరిగేది దాని మీద పడే ఒత్తిడి వల్ల. 5 రెప్స్‌కే (బరువును ఒకసారి లేపి దించితే ఒక రెప్) ఆగిపోయేంత బరువైనా, 15 రెప్స్ వచ్చే బరువైనా, ఇంకో రెండు మాత్రమే లేపగలం అన్నంతవరకు వెళ్తే ఆ ఒత్తిడి అందుతుంది. అయితే రెండు, మూడు రెప్స్ బరువులతోనే నెట్టుకొస్తే సెట్లు చాలా కావాలి, కీళ్లు అలిసిపోతాయి. కండ కోసమే అయితే 6 నుంచి 12 రెప్స్ సుఖం.

ఛాతీకి వారానికి 12 సెట్లు అనుకుందాం. అన్నీ సోమవారమే చేస్తే ఎనిమిదో సెట్ దాటాక బెంచ్ ప్రెస్‌లో (పడుకుని బరువును పైకి నెట్టే వ్యాయామం) భుజాలు, ట్రైసెప్స్ (పై చేతి వెనక కండలు) ఛాతీ కంటే ముందే చేతులెత్తేస్తాయి. సోమవారం ఆరు, గురువారం ఆరు చేస్తే ప్రతి సెట్టూ బలంగా పడుతుంది. స్ప్లిట్ చేసేవాళ్లు కూడా ఒక్కో కండను వారానికి రెండుసార్లు పట్టుకోవడం మేలు.

‘హెవీ కొడితే సైజు, స్ప్లిట్ కొడితే కటింగ్’ అని జిమ్‌లలో గట్టిగా నమ్ముతారు. అది నిజం కాదు. కటింగ్, అంటే కండల గీతలు స్పష్టంగా కనిపించేది కొవ్వు తగ్గినప్పుడు, అది ప్రధానంగా తిండిని బట్టి ఉంటుంది.