బుజ్జమ్మా, నీ గ్రాఫ్ అంత బాగా ఎందుకు కలిసింది?

బుజ్జమ్మా,

నువ్వు పంపిన గ్రాఫ్ చూశాను. సముద్రం అడుగు నుంచి గొట్టంతో తీసిన నీ బురద కోర్‌లోని ఎత్తుపల్లాలూ, భూకక్ష్య లెక్కల వంకీలూ అచ్చు గుద్దినట్టు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. నీకేమో సంతోషం, నాకేమో టెన్షన్. 18 మీటర్ల సముద్రపు బురద ఎక్కడా పేచీ పెట్టకుండా లెక్కకు లొంగిపోయిందంటే, దాన్ని మనమే లాగి కూర్చోబెట్టామేమో చూసుకోవాలి. ట్యూనింగ్‌లో (అంటే కోర్ లోతులను కక్ష్య లెక్కలతో జత కలిపి వయసు కట్టడంలో) ఉన్న చిక్కే అది. ఎక్కడ కలవకపోతే అక్కడ సాగదీస్తాం, నొక్కుతాం, ఆఖరికి కలిసిందని మురిసిపోతాం.

అందుకని ఆ ఫైల్ పక్కన పెట్టి, ముందు సెంటీమీటర్లలోనే పని చెయ్యి. సంవత్సరాల జోలికి వెళ్లకు. నీ దగ్గర వెయ్యేళ్లకు సుమారు 2 సెంటీమీటర్ల బురద పడుతోందనుకుందాం. అప్పుడు 21 వేల ఏళ్ల ప్రిసెషన్ (భూమి అక్షం బొంగరంలా తూలడం) 42 సెంటీమీటర్లకోసారి, 41 వేల ఏళ్ల అక్షం వంపు 82 సెంటీమీటర్లకోసారి, కక్ష్య ఆకారం మారే లక్ష ఏళ్ల చక్రం 2 మీటర్లకోసారి కనబడాలి. ఈ నిష్పత్తులు లోతులోనే దొరికితే నీ చేతిలో సరుకున్నట్టు. దొరక్కపోతే ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చిపెట్టదు. (ప్రిసెషన్ అంటే ఏంటని మీ నాన్న అడిగితే పంచాంగం చూపించు. నిజమైన ఉత్తరాయణం డిసెంబర్ 21కే మొదలైపోతే మనం జనవరి 14న సంక్రాంతి చేసుకుంటున్నాం కదా, అయనాంశ అని 24 డిగ్రీలు లెక్కేస్తారు కదా, ఆ తేడా తెచ్చిందే ఇది.)

మరి ఆ 2 సెంటీమీటర్లు ఎలా తెలియాలి? కక్ష్యతో సంబంధం లేని తేదీలతో. నీ కోర్ నైన్టీఈస్ట్ రిడ్జ్ (హిందూ మహాసముద్రం అడుగున ఉన్న కొండల వరుస) మీదది కాబట్టి అదృష్టవంతురాలివి, గంగ, బ్రహ్మపుత్ర తెచ్చి పోసిన బెంగాల్ ఫ్యాన్ బురద వరదలు అంత ఎత్తుకి ఎక్కవు. పైగా పైన మీటరున్నరలో లేత బూడిదరంగు పొర ఒకటి తగలాలి. వేలితో రుద్దితే వెన్నలాంటి బురద మధ్య గరగరలాడుతుంది, కాస్త స్లైడ్ మీద పూసి మైక్రోస్కోప్ కింద పెడితే పగిలిన బల్బు పెంకుల్లా గాజు ముక్కలు మెరుస్తాయి. అది సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం 74 వేల ఏళ్ల కింద కక్కిన బూడిద, మన జుర్రేరు లోయలో జ్వాలాపురం దగ్గర గుంతల్లో కనబడేదీ అదే. కానీ టోబా ఒక్కసారే పేలలేదు. పాత పేలుడు బూడిద ఒకటి బ్రూన్స్-మతుయామా అయస్కాంత తిరుగుడు (భూమి అయస్కాంత ధ్రువాలు తారుమారైన గుర్తు) దగ్గర్లోనే ఉంటుంది. గాజు రసాయనం చూపించుకోకుండా పేరు పెట్టెయ్యకు.

ఇక నేను పడ్డ గోతి చెప్తాను, నువ్వు పడకూడదని. అప్పట్లో ఒక కోర్‌లో చక్రాలు లెక్కపెట్టుకుంటూ కిందికి దిగాను, నీ గ్రాఫ్ కంటే అందంగా వచ్చింది. తీరా చూస్తే అయస్కాంత తిరుగుడు దగ్గర 7 లక్షల 80 వేలు రావాల్సింది 7 లక్షల 40 వేలు వచ్చింది. మూడు వారాలు నా లెక్కను వదిలేసి అయస్కాంతం కొలిచినవాళ్లనే తిట్టుకున్నాను. అసలు సంగతేంటంటే, ఒక గొట్టం తీసి రెండోది దింపే లోపు మధ్యలో కొంత బురద ఎవరికీ దొరకదు. గొట్టం నిండుగా వచ్చినా సరే, ఆ ఖాళీ ఉంటుంది. నాకు పోయింది 80 సెంటీమీటర్లు, అంటే సరిగ్గా ఒక వంపు చక్రం, అందుకే గ్రాఫ్‌లో చిన్న కుదుపు కూడా లేదు. ఒకే చోట రెండు మూడు బోర్లు వేసి, ఒకదాని ఖాళీని ఇంకోదానితో పూడ్చేది ఇందుకే. నీ అతుకులు ఎక్కడెక్కడ ఉన్నాయో నువ్వు చూసుకున్నావా, ఎవరో ఇచ్చిన టేబుల్ అలాగే వాడేశావా?

ఇంకో పని, ఈ రాత్రికే చెయ్యి. కంప్యూటర్‌లో ఉత్తుత్తి అంకెలతో ఒక వరుస పుట్టించి, నీ కోర్‌కి చేసినట్టే దాన్నీ ట్యూన్ చెయ్యి. అదీ బ్రహ్మాండంగా కలుస్తుంది చూడు. అప్పుడు అర్థమవుతుంది, 41 వేల దగ్గర శిఖరం వచ్చిందని వ్యాసంలో రాసుకోవడం ఎంత వట్టిమాటో. దానికంటే, ప్రిసెషన్ వంకీల ఎత్తు లక్ష ఏళ్ల చక్రంతో పాటు పెరిగి తగ్గుతోందా చూడు, అది కొంచెం గట్టి సాక్ష్యం. ఫిల్టర్ మరీ ఇరుగ్గా పెట్టావంటే ఆ పెరుగుదలా నువ్వే పుట్టించినట్టవుతుంది, జాగ్రత్త.

అలాగని బయటి తేదీ ప్రతిదీ వేదవాక్కు అనుకోకు. 1990లో షాకిల్టన్, బెర్జే, పెల్టియర్ అనే శాస్త్రవేత్తలు తూర్పు పసిఫిక్‌లో 677వ సైట్ అనే చోట తీసిన కోర్‌తో ఆ తిరుగుడు 7.8 లక్షల ఏళ్ల కిందిదన్నారు. అప్పటిదాకా రాళ్ల వయసు కట్టే పొటాషియం-ఆర్గాన్ పద్ధతి 7.3 లక్షలు చెప్పేది. తర్వాత ఆర్గాన్-ఆర్గాన్ తేదీలు వచ్చి వీళ్ల పక్షానే నిలిచాయి. వాళ్లు అంత ధైర్యం చేసింది ఊరికే కాదు, ప్రిసెషన్ ఎత్తుల్లో కక్ష్య చక్రం అంత స్పష్టంగా కనబడింది గనక. నీకూ అలా కనబడితే అప్పుడు వాదించు, నేను నీ పక్కనే ఉంటా.

కక్ష్య మారాక వాతావరణం మారడానికి పట్టే ఆలస్యం సంగతి మర్చిపోకు. మంచుగడ్డలు వంపు మారగానే కరిగిపోవు, వంపు చక్రంలో దాదాపు 8 వేల ఏళ్లు వెనకబడతాయి. రుతుపవనాల దగ్గరైతే ఆ ఆలస్యం ఎంతన్నదే పెద్ద తగువు, అరేబియా సముద్రపు కోర్లు ఒకటి చెప్తే చైనా గుహల్లో పెరిగిన సున్నపురాళ్లు ఇంకోటి చెప్తాయి. నువ్వు ఏది ఎంచుకున్నావో, ఎందుకో, వ్యాసంలో రెండు వాక్యాలు రాయి.

ఆదివారం కాల్ చేసేలోపు కోర్ ఫోటోలు, అతుకుల లోతులు పంపు. గ్రాఫ్ ఇప్పుడే వద్దు.

మీ పెదనాన్న