సపోర్టెడ్ లివింగ్ పనిలో చేరబోతున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. కేర్ హోమ్ ఉద్యోగం మానేసి, వచ్చే సోమవారం నుంచి మేధోవైకల్యం ఉన్న నలుగురు పెద్దవాళ్లు కలిసి ఉండే సపోర్టెడ్ లివింగ్ ఇంట్లో చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఇంగ్లండ్‌లో ఇదే పనిలో నా ఉద్యోగ జీవితమంతా గడిచింది కాబట్టి, శిక్షణలో అంతగా చెప్పని సంగతులు కొన్ని రాస్తున్నాను.

కేర్ హోమ్‌లో గదీ, సంరక్షణా ఒకే సంస్థ చేతిలో ఉంటాయి. ఇక్కడ అలా కాదు. ఆ నలుగురూ ఒప్పందం మీద అద్దెకుంటున్నవాళ్లు, ఆ ఇల్లు వాళ్లది, నువ్వు వాళ్లింటికి పనికి వెళ్తున్న మనిషివి. తలుపు తట్టి, జవాబు వచ్చాకే లోపలికి వెళ్లు. వాళ్ల ఫ్రిజ్ మీద డ్యూటీ పట్టిక అంటించడం, వాళ్ల హాల్లో స్టాఫ్ మీటింగ్ పెట్టుకోవడం నీ తోటివాళ్లకు మామూలు అయిపోయి ఉండవచ్చు, నువ్వు మాత్రం అలవాటు చేసుకోకు. సంరక్షణ సేవలను తనిఖీ చేసే కేర్ క్వాలిటీ కమిషన్ ఇక్కడ అందే వ్యక్తిగత సంరక్షణనే పరిశీలిస్తుంది, ఇంటి కట్టడం దాని పరిధిలోకి రాదు. బయటివాళ్ల చూపు అంతగా పడని చోటు కాబట్టి, సంరక్షణ ఎలా ఉంటుందన్నది చాలావరకు ఆ పూట షిఫ్ట్‌లో ఉన్న మనిషి మీదే ఆధారపడుతుంది.

మనం పెరిగిన ఇళ్లలో ప్రేమ అంటే చేసిపెట్టడం. ఎదుటివాళ్లు అడగకముందే కంచంలో వడ్డిస్తాం, చొక్కా గుండీలు పెడతాం, టీ కలిపి చేతికిస్తాం. ఈ ఉద్యోగంలో నీకు అన్నిటికంటే కష్టంగా అనిపించేది ఆ చేతులను ఆపుకోవడమే. ఒకాయన తన టీ తాను పెట్టుకోవడానికి ఇరవై నిమిషాలు పడితే, నువ్వు పక్కనే నిలబడి, వేడినీళ్ల దగ్గర మాత్రమే సాయపడి, మిగతాదంతా ఆయననే చేసుకోనివ్వాలి. ఏం తింటారని అడిగితే మాటల్లో చెప్పలేనివారికి రెండు వస్తువులు ఎదురుగా పెట్టి చూపించు, ఆయన చూపు ఎటు వెళ్తుందో గమనించు. తొందరలో నువ్వు చేసేసిన ప్రతి పనీ కొన్నాళ్లకు ఆయనకు చేతకాని పని అవుతుంది.

2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం ప్రకారం, నిర్ణయం తీసుకునే సామర్థ్యం లేదని తేలేంతవరకు ఉన్నట్టే భావించాలి. మనకు తెలివితక్కువగా కనిపించినంత మాత్రాన ఆ నిర్ణయాన్ని సామర్థ్యలోపానికి రుజువుగా చూపకూడదు. జీతమో భత్యమో రాగానే ఒకామె సగం డబ్బు బొమ్మల మీద ఖర్చు పెడితే అది ఆమె ఇష్టం. అయితే ఇదే సూత్రాన్ని అడ్డం పెట్టుకుని జరిగే నిర్లక్ష్యాన్ని నేను చాలా చూశాను, అది నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. రెండు వారాలుగా స్నానం చేయని మనిషి గురించి “ఆయన వద్దన్నాడు” అని రాసి సంతకం పెట్టడం ఇష్టాన్ని గౌరవించడం కాదు. నీళ్లు చల్లగా ఉన్నాయా, ఫలానా వర్కర్ అంటే భయమా, ఒంట్లో నొప్పా, వేరే వేళ అడిగి చూశారా అన్నది ఆ కాగితంలో కనబడాలి. అలాగే వంటగది అల్మారాకో వీధి తలుపుకో తాళం కనిపిస్తే కారణం అడుగు. సామర్థ్యం లేని మనిషిని నిరంతరం కనిపెట్టుకుని ఉంటూ బయటికి వెళ్లనివ్వకపోవడం స్వేచ్ఛను హరించడమేనని 2014లో ఇక్కడి (బ్రిటన్) సుప్రీం కోర్టు చెప్పింది. సపోర్టెడ్ లివింగ్‌లో దానికి కోర్ట్ ఆఫ్ ప్రొటెక్షన్, అంటే నిర్ణయ సామర్థ్యం లేనివారి విషయాలు చూసే న్యాయస్థానం, అనుమతి ఉండాలి.

ఇప్పుడు ఆరోగ్యం సంగతి, దీన్ని అన్నిటికంటే శ్రద్ధగా చదువు. 2012లో సఫోక్‌లో రిచర్డ్ హ్యాండ్లీ అనే డౌన్ సిండ్రోమ్ ఉన్న వ్యక్తి 33 ఏళ్ల వయసులో మలబద్ధకం ముదిరి ఆసుపత్రిలో చనిపోయారు. ఆ ఇబ్బంది ఆయనకు చిన్ననాటి నుంచీ ఉంది, అది అందరికీ తెలుసు. ఆయన ఉన్న ఇల్లు కేర్ హోమ్ నుంచి సపోర్టెడ్ లివింగ్‌గా మారింది, ఆ తర్వాత ఆహారం మీద, విరేచనాల మీద ఉండవలసిన నిఘా సడలిపోయింది. స్వతంత్రంగా బతకనివ్వడమంటే గమనించడం మానేయడమని ఎవరైనా నీతో అంటే ఆయనను గుర్తు చేసుకో. విరేచనాల పట్టిక రాయడానికి సిగ్గుపడకు. మాటలు రాని మనిషి ఉన్నట్టుండి చెంప మీద కొట్టుకుంటుంటే, ప్రవర్తన సమస్య అని రాసేముందు పంటినొప్పో చెవిపోటో ఉందేమో డాక్టరుకు చూపించు. మూర్ఛ ఉన్నవారిని స్నానాల తొట్టిలో ఒంటరిగా వదలకు. మింగడంలో ఇబ్బంది ఉన్నవారికి స్పీచ్ థెరపిస్టు రాసిన ఆహారం ఎంత మెత్తగా ఉండాలో మొదటి షిఫ్ట్‌కు ముందే చదువుకో. ప్రతి ఏటా జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) దగ్గర జరగవలసిన ఆరోగ్య పరీక్ష జరిగిందో లేదో అడుగు. రోజువారీ నోట్సులో “బాగానే ఉన్నారు, భోంచేశారు” అని రాయకు. ఏం తిన్నారో, ఎంత వదిలేశారో, ఎవరితో నవ్వారో రాయి.

ఇక నీ భయం నాకు తెలుసు. వీసా యజమానితో ముడిపడి ఉన్నప్పుడు తప్పు కనిపించినా నోరు విప్పడం తేలిక కాదు. స్పాన్సర్‌షిప్ పోతే మరొకటి వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులే ఇస్తారు. అయినా, ఎవరినైనా కొట్టడం, తిట్టడం, డబ్బు మాయం కావడం చూస్తే అదే రోజు తేదీ, వేళతో రాసి మేనేజర్‌కు ఇచ్చి, ఒక నకలు ఉంచుకో. మేనేజరే అందులో ఉంటే స్థానిక కౌన్సిల్‌లో పెద్దవాళ్లను హింస, నిర్లక్ష్యాల నుంచి కాపాడే సేఫ్‌గార్డింగ్ విభాగానికి చెప్పు. కేర్ క్వాలిటీ కమిషన్‌కు పేరు చెప్పకుండా కూడా తెలియజేయవచ్చు. ఇలా బయటపెట్టిన ఉద్యోగులకు 1998 నాటి పబ్లిక్ ఇంటరెస్ట్ డిస్‌క్లోజర్ చట్టం రక్షణ ఇస్తుంది, యూనియన్‌లో చేరితే పక్కన నిలబడే మనిషి కూడా దొరుకుతారు. కౌన్సిల్, కమిషన్ ఫోన్ నంబర్లు రెండూ సోమవారానికి ముందే నీ ఫోన్‌లో ఎక్కించుకో, మొదటి వారం ఎలా గడిచిందో నాకు రాయి.

ఇట్లు,
పెద్దమ్మ