ఎన్నిసార్లు ప్రార్థించినా దేవుడు క్షమించాడన్న ఫీలింగ్ రావట్లేదు, నా పశ్చాత్తాపం నిజమైనది కాదా?

మీరు ఎప్పుడో చేసిన ఒక పాపం గురించి ఉపవాసాలుండి ఏడ్చి రోజూ అదే క్షమాపణ అడుగుతున్నా అన్నారు కదా. నాకు ఇది కాస్త అర్థమైంది నేనే ఒకర్ని క్షమించాల్సి వచ్చినప్పుడు.

మా బంధువుల్లో ఒకతను నా దగ్గర డబ్బు తీసుకుని అబద్ధాలు చెప్తూ చాలాకాలం తప్పించుకు తిరిగాడు, తర్వాత తనే ఒకరోజు వచ్చి సాకులేమీ చెప్పకుండా "తప్పు చేశానన్నా" అని కొంత చేతిలో పెట్టి మిగతాది ఎప్పుడు ఇస్తాడో చెప్పాడు. కోపం అక్కడే దిగిపోయింది, పర్లేదురా అన్నాను, మనసారానే అన్నాను. కానీ ఆ తర్వాత ఎక్కడ కలిసినా, ఫోన్ చేసినా అదే ప్రశ్న, అన్నా నిజంగా క్షమించావా అని. మొదట్లో జాలేసేది, పోనుపోను చిరాకొచ్చింది, నా మాట మీద వీడికి నమ్మకం లేదా అని.

బైబిల్లో లూకా సువార్త 15లో యేసు చెప్పిన కథ ఉంది, ఆస్తంతా పాడుచేసుకున్న చిన్న కొడుకు తండ్రి ఇంటికి తిరిగొచ్చే ముందు ఏం చెప్పాలో రెడీ చేసుకుంటాడు, చివర్లో "నన్ను కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో" అని కూడా ఉంటుంది (19వ వచనం). తండ్రి ముందు నిలబడ్డాక 21వ వచనంలో ఆ ముక్క లేదు చూడండి, తండ్రి అప్పటికే బట్టలు తెమ్మని కేకేస్తున్నాడు. మనం మాత్రం ఇంట్లోకి వచ్చాక కూడా కూలివాడి ఉద్యోగమే అడుగుతున్నాం.

అలాగని ఏడుపే పశ్చాత్తాపం అని కూడా కాదు. పన్నులు వసూలుచేసే జక్కయ్య యేసుని కలిసి మారినప్పుడు ఏడ్చినట్టు లూకా ఎక్కడా రాయలేదు, ఆస్తిలో సగం పేదలకి, అన్యాయంగా తీసుకుంటే నాలుగింతలు వెనక్కి, అంతే. మన మీటింగుల్లో కన్నీళ్లకున్న వాల్యూ ఈ తిరిగిచ్చేదానికి ఉండదు, నాకైతే అది నచ్చదు. మీవల్ల ఎవరైనా నష్టపోయి ఉంటే ఇంకో ఉపవాసం కంటే ముందు వాళ్ల దగ్గరికి వెళ్ళండి, మత్తయి 5:23, 24లో యేసు అర్పణని బలిపీఠం దగ్గర వదిలేసి మరీ ముందు వెళ్ళి సమాధానపడమన్నాడు.

ఒకవేళ అదే పాపం ఇప్పటికీ జరుగుతుంటే అది వేరే సంగతి, ఒంటరిగా పోరాడొద్దు, నోరు జారని ఒక పెద్ద విశ్వాసికి చెప్పుకోండి (యాకోబు 5:16), సాక్ష్యం పేరుతో సంఘమంతటి ముందూ అక్కర్లేదు. ఆగిపోయిన పాపమైతే మాత్రం ఈ రాత్రి దాన్ని మళ్ళీ అడక్కుండా, దేవుడు మన పాపాల్ని మననుంచి దూరం చేశాడని చెప్పే 103వ కీర్తన చదువుకుని థ్యాంక్స్ చెప్పి లేవండి. ఫీలింగ్ వెంటనే రాకపోవచ్చు, నాకూ రాలేదు.