టెక్ సందేహాలు: రేకు డబ్బా నిండా పాత సెల్స్.. ఏం చేయాలి?

ప్రశ్న: రిమోట్లు, గోడ గడియారం, పిల్లల బొమ్మల్లోంచి తీసిన సెల్స్‌ను ఒక రేకు డబ్బాలో వేస్తూ వచ్చాను. డబ్బా నిండింది. అందులోనే ఉబ్బిన పాత ఫోన్ బ్యాటరీ కూడా ఉంది. అన్నీ చెత్తబుట్టలో పడేయొచ్చా?

జవాబు: వద్దండీ. ముందు ఆ ఫోన్ బ్యాటరీని జాగ్రత్తగా బయటికి తీయండి, మిగతా సంగతి తర్వాత. బ్యాటరీ ఉబ్బిందంటే లోపలి రసాయనాలు దెబ్బతిని గ్యాస్ తయారైందని అర్థం. గ్యాస్ పోతుంది కదా అని పిన్నుతో గుచ్చడం, అదిమి చదును చేయడం అస్సలు వద్దు. లోపలి పొరలు ఒకదానికొకటి తగిలితే క్షణాల్లో మంటలు లేస్తాయి. పని చేస్తుందేమో చూద్దామని చార్జింగ్ కూడా పెట్టకండి. ఇసుక పోసిన మట్టి పాత్రలో ఉంచి, కాలే వస్తువులకు దూరంగా పెట్టండి. సేకరణ కేంద్రానికి వెంటనే ఇచ్చేయండి. ఉబ్బిందని అక్కడ ముందే చెప్పండి.

ఇక మిగతావి. 'సెల్ అయిపోయింది' అని మనం అలవాటుగా అంటాం కానీ, అది పూర్తిగా అయిపోదు. కొత్తగా ఉన్నప్పుడు 1.5 వోల్టులుండే పెన్సిల్ సెల్, బొమ్మ కారును కదిలించలేకపోయినా గోడ గడియారాన్ని ఇంకొన్నాళ్లు నడిపిస్తుంది. చిక్కంతా ఆ మిగిలిన కరెంటుతోనే. 9 వోల్టుల బ్యాటరీకి రెండు కొనలూ ఒకే వైపు, పక్కపక్కనే ఉంటాయి. వాటికి ఒక తాళంచెవి అడ్డంగా తగిలినా చాలు, వేడెక్కి నిప్పంటుకోవచ్చు. మీది రేకు డబ్బా కాబట్టి ఈరోజే ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చండి. 9 వోల్టులవాటికి, లిథియంవాటికి కొనల మీద టేప్ అంటించండి. నేనైతే సెల్స్ పెట్టే డ్రాయర్‌లోనే టేప్ చుట్ట ఉంచుకుంటాను, తీసిన వెంటనే అంటించేస్తాను.

నాణెంలా గుండ్రంగా, పలచగా ఉండే బటన్ సెల్స్ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. చిన్నపిల్లలు మింగితే 20 మిల్లీమీటర్ల లిథియం సెల్ ఆహారనాళంలో ఇరుక్కుని, 2 గంటల్లోనే లోపల తీవ్రంగా కాల్చేస్తుంది. పని చేయని సెల్ అయినా అంతే. మింగారని అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించకుండా నేరుగా ఆసుపత్రికి పరుగెత్తండి. తీసిన సెల్‌కు రెండు వైపులా టేప్ చుట్టి, పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి.

ఎక్కడ ఇవ్వాలంటే, ఈ-వేస్ట్ సేకరణ కేంద్రాల్లో, పాత బ్యాటరీలు తీసుకునే ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో. అక్కడినుంచి రీసైక్లింగ్‌కు వెళ్తే పెన్సిల్ సెల్స్‌లోని జింక్, మాంగనీస్, స్టీలు మళ్లీ పనికొస్తాయి. ఫోన్ బ్యాటరీల్లోంచి కోబాల్ట్, నికెల్ లాంటివి తీస్తారు. బ్యాటరీ ఊడిరాని ఇయర్‌బడ్స్ లాంటివాటిని విప్పే ప్రయత్నం చేయకుండా అలాగే ఇచ్చేయండి.

డబ్బాలో కొన్ని సెల్స్ చివర తెల్లటి పొడి కనిపిస్తే వాటిని ఒట్టి చేత్తో ముట్టుకోకండి. ఆల్కలైన్ సెల్స్‌లోంచి కారిన క్షారం అది, చర్మాన్ని, కళ్లను మండిస్తుంది. గ్లౌజులు వేసుకుని వాటిని వేరే కవర్‌లో కట్టండి. రిమోట్ లోపల అంటుకున్న పొడిని కాస్త వెనిగర్ అద్దిన దూదిపుల్లతో తుడిచి, పూర్తిగా ఆరాకే కొత్త సెల్స్ వేయండి.