విశాఖలో పారిపోయే నిర్దోషి కథ: ఆ నాలుగు రోజులు నిలబడాలంటే

అడిగిన కథ క్లుప్తంగా ఇది. పోర్టు దగ్గర క్లియరింగ్ ఏజెన్సీలో గుమస్తా హీరో. యజమాని హత్య అతని మీద పడుతుంది. నాలుగు రోజులు విశాఖలోనే తప్పించుకు తిరిగి, చివరికి తను నిర్దోషినని తేలుస్తాడు. ఇది విశాఖవాళ్లు కూడా నమ్మేలా ఎలా రాయాలి, చిన్న బడ్జెట్‌లో ఎలా తీయాలి అన్నది ప్రశ్న. ఇక్కడ షూటింగులకు లొకేషన్లు కుదర్చడం, స్క్రిప్టుల్లో పోలీసు, కోర్టు సీన్లు సరిచూడడం మా పని. ఆ అనుభవంతో చెబుతున్నాం.

ఛేజింగ్ సంగతి తర్వాత. ఇలాంటి కథలు ఎక్కువగా దెబ్బతినేది "వీడు లాయర్ని పెట్టుకుని లొంగిపోవచ్చు కదా" అని ప్రేక్షకుడికి అనిపించే చోట. మొదటి రాత్రి భయంతో పారిపోయాడంటే ఎవరైనా ఒప్పుకుంటారు. రెండో రోజు నుంచి కారణం కావాలి. ఆ కారణం గడువు రూపంలో ఉంటేనే థ్రిల్లర్ అవుతుంది. "నాలుగు రోజులు" అని ఊరికే పెట్టకండి. ఆ అంకె దేన్నుంచో పుట్టాలి.

ఆఫీసుకు ఎదురుగా ఉన్న గోడౌన్ సీసీ కెమెరాల డీవీఆర్ (దృశ్యాలు రికార్డు చేసే పెట్టె) నుంచి పుట్టించవచ్చు. 2 మెగాపిక్సెల్ కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే రోజుకు దాదాపు 21.6 జీబీ అవుతుంది. 8 కెమెరాలకు 173 జీబీ. 1 టీబీ డిస్కులో వాడకానికి దొరికేది 930 జీబీ అనుకుందాం. అంటే 5 రోజుల 9 గంటల్లో నిండి, పాత రికార్డు మీదే కొత్తది పడడం మొదలవుతుంది. హత్య జరిగిన శుక్రవారం రాత్రి 9 గంటల దృశ్యం గురువారం ఉదయం 6 గంటలకల్లా పోతుంది. శనివారం మధ్యాహ్నం హీరో పేరు బయటికొస్తే బుధవారం రాత్రి వరకు అతనికి మిగిలినవి దాదాపు మీ నాలుగు రోజులు.

నింద పడడానికి కూడా అదే డీవీఆర్‌ను వాడండి. ఇంటర్నెట్‌కు కలపని డీవీఆర్ గడియారం తనంతట తాను సరిచేసుకోదు. రోజుకు 4 సెకన్లు ముందుకు జరిగితే ఏడాదికి దాదాపు 24 నిమిషాల తేడా. హీరో ఆఫీసులోంచి బయటపడింది నిజానికి 8:56కి. ఎదురు గోడౌన్ డీవీఆర్ 9:20 అని చూపిస్తుంది. యజమాని చివరి ఫోన్ 9:10కి. ఆ టైము టెలికాం కంపెనీ రికార్డులోది, తప్పదు. కాబట్టి చివరి ఫోన్ తర్వాత కూడా హీరో లోపలే ఉన్నాడని పోలీసులు అనుకుంటారు. ఇందులో పోలీసుల్ని చెడ్డవాళ్లను చేయనక్కర్లేదు, వాళ్ల లెక్క వాళ్లకు సరిగ్గానే ఉంటుంది. గాజువాక దగ్గర కాటాలో 9:40కి లారీ తూకం చీటీ మీద హీరో సంతకం పెట్టాడనుకోండి. పోర్టు నుంచి గాజువాకకు 20 నిమిషాల్లో లారీ చేరదు కాబట్టి ఆ చీటీ దొంగదని తేలుస్తారు. నిజాన్ని రుజువు చేసే కాగితమే అబద్ధంగా కనబడడం ఈ కథకు దొరికిన పెద్ద బలం, వదులుకోవద్దు.

హీరో ఫోన్ ఎక్కడుందో కూడా తేల్చాలి. ఫోన్ జేబులో ఉంటే టవర్ రికార్డే అతన్ని కాపాడేస్తుంది, కథ అక్కడే అయిపోతుంది. ఆఫీసులో చార్జింగ్‌కి పెట్టి మర్చిపోయాడని పెట్టండి. అప్పుడది సంఘటనా స్థలంలోనే దొరుకుతుంది, నేరం ఇంకా బిగుసుకుంటుంది. సిమ్ తీసి పారేసి కొత్త సిమ్ వేస్తే ఎవరికీ దొరకడన్న సీను మాత్రం రాయకండి. ఫోన్ గుర్తింపు సంఖ్య ఐఎంఈఐ మారదని ఇప్పుడు పిల్లలకి కూడా తెలుసు. కాల్ రికార్డులు కూడా ఎస్ఐ ఫోన్ చేయగానే రావు. ఎస్పీ స్థాయి అధికారి, అంటే కమిషనరేట్‌లో డీసీపీ నుంచి రాతపూర్వకంగా వెళ్లాలి.

పోలీసులు డీవీఆర్‌ను ఎందుకు తీసుకుపోలేదు? ఈ ప్రశ్న ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. కావలసిన అరగంట ముక్కను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని యంత్రాన్ని అక్కడే వదిలేయడం నమ్మదగిన పొరపాటు. 9:00 నుంచి 9:30 వరకు ఎక్కించుకున్నారనుకుందాం. ఆ రాత్రి 9:41కి వన్‌టౌన్ ఫీడర్ ట్రిప్ అయి కరెంటు పోయింది. డీవీఆర్‌లో ఆ ఖాళీ 10:05 దగ్గర కనబడుతుంది, అంటే పోలీసులు తీసుకున్న ముక్కకు బయట. సబ్‌స్టేషన్ లాగ్‌బుక్‌లో షిఫ్ట్ ఆపరేటర్ 9:41 అని రాసి ఉంటాడు. ఆ రెండూ పక్కపక్కన పెడితే 24 నిమిషాల తేడా బయటపడుతుంది. గోడౌన్‌కి ఇన్వర్టర్ లేదని ముందే ఒక షాట్‌లో చూపించండి, ఉంటే ఖాళీ పడదు. డీవీఆర్ లోపలి బిళ్ల బ్యాటరీ పనిచేస్తూనే ఉండాలి. అది చచ్చిపోతే కరెంటు పోయి రాగానే తేదీ కంపెనీ పెట్టిన పాత తేదీకి వెళ్లిపోతుంది, పోలీసులకు ఆ రోజే అనుమానం వస్తుంది.

ఇక చట్టం దారులు. 2024 జూలై 1 తర్వాత జరిగే కథైతే హత్య బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 103వ సెక్షన్, ముందస్తు బెయిల్ బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 482. పోలీసు పాత్ర నోట పాత ఐపీసీ సెక్షన్ "మూడొందల రెండు" అని వచ్చిందంటే స్క్రిప్టు పాతబడినట్టే. శనివారాన్ని రెండో శనివారం చేయండి. కోర్టు శని, ఆదివారాలు ఉండదు. సోమవారం లాయర్ ముందస్తు బెయిల్ పిటిషన్ వేస్తాడు. పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు నోటీసు ఇచ్చి గురువారానికి వాయిదా వేస్తారు. మధ్యంతర ఉత్తర్వు లేకపోతే ఈలోగా అరెస్టు చేయడానికి అడ్డేమీ లేదు. హత్య కేసులో అలాంటి ఉత్తర్వు దొరకడం చాలా అరుదు. కోర్టు గడువు, డీవీఆర్ గడువు రెండూ గురువారానికే చేరాయి కదా, సెకండాఫ్ అంతా దాని మీద నడుస్తుంది.

పరారీ ప్రకటన, ఆస్తి జప్తు సీన్లు నాలుగు రోజుల కథలో పట్టవు. బీఎన్ఎస్ఎస్ 84 కింద ప్రకటన వేస్తే హాజరవడానికి కనీసం 30 రోజులు ఇవ్వాలి.

పోస్టుమార్టం డాక్టరు చేత "సరిగ్గా 9:15కి చనిపోయాడు" అనిపించకండి. శవం బిగుసుకోవడం, చల్లబడడం చూసి చెప్పగలిగేది కొన్ని గంటల వ్యవధి మాత్రమే. విశాఖ వేసవిలో బయటి వేడి ఒంటి వేడికి దగ్గరగా ఉంటుంది కాబట్టి చల్లబడే లెక్క మరీ నమ్మలేం. అందుకే ఈ కేసులో చివరి ఫోన్ టైముకి అంత విలువ వచ్చింది. శవం రాత్రి దొరికితే హత్య కేసుల్లో పోస్టుమార్టం తెల్లారాకే. రాత్రిళ్లు చేయవచ్చని 2021 నవంబరులో కేంద్రం ఇచ్చిన వెసులుబాటు, శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప, హత్య కేసులకు వర్తించదు. ముందు శవ పంచనామా, తర్వాతే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) మార్చురీ. ఆ రాత్రి ఖాళీలోనే హీరో ఊళ్లో చాలా దూరం పోగలడు.

ఇప్పుడు ఊరు. పారిపోయేవాడికి విశాఖ ఇరుకైన ఊరు. ఒకవైపు సముద్రం, మరోవైపు కొండలు, మధ్యలో పోర్టు, నేవీ. హీరోని కంటైనర్ల మధ్య దాచాలని అందరికీ అనిపిస్తుంది. పోర్టు గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ ఉంటుంది, పాస్ లేకుండా లోపలికి వెళ్లలేడు, తన పాస్ వాడితే ఆ ఎంట్రీయే పట్టిస్తుంది. డాల్ఫిన్స్ నోస్ నేవీ చేతిలో ఉన్న కొండ. ఫిషింగ్ హార్బర్ మాత్రం తెల్లవారుజామున వేలం పాటల వేళ జనంతో నిండిపోతుంది, కొత్త మొహాన్ని ఎవరూ నిలదీయరు. కానీ బోటెక్కించేముందు తేదీ చూసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, మరబోట్లు ఒడ్డునే ఉంటాయి. మే నెలలో హీరో మరబోటెక్కి సముద్రంలోకి పోతే జాలరిపేట ప్రేక్షకులు లేచి వెళ్లిపోతారు. అదే నిషేధాన్ని మీకు పనికొచ్చేలా వాడుకోవచ్చు. ఖాళీగా కట్టేసిన బోట్లలో ఒక రాత్రి తలదాచుకోవడం చాలా సహజంగా ఉంటుంది.

అరకు వైపు పంపకండి. గంజాయి తనిఖీల వల్ల ఆ ఘాట్ దారుల్లో చెక్‌పోస్టులు గట్టిగా ఉంటాయి. సంతలో కొత్తవాడు ఇట్టే కనబడతాడు. పైగా 2022 ఏప్రిల్ 4 నుంచి అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది, విశాఖ కమిషనరేట్ సీఐ అక్కడ నేరుగా ఆర్డర్లు వేసే సీను తప్పు.

రైలు సీను పెట్టాలనుకుంటే మన స్టేషన్‌కున్న ప్రత్యేకతను వాడుకోండి. చెన్నై వైపు నుంచి హౌరా వెళ్లే రైలు విశాఖలో ఆగి, ఇంజిన్ రెండో కొసకు మార్చుకుని, వచ్చిన దిక్కుకే వెనుదిరుగుతుంది. అందుకు పావుగంట పైనే పడుతుంది. బండి కదలక, బోగీలోంచి దిగలేక హీరో కూర్చునే ఆ పావుగంట పరుగు కంటే ఎక్కువ బిగి ఇస్తుంది. ఊళ్లోకి రాకుండా దువ్వాడ మీదుగా పక్కనుంచి పోయే బళ్లు కూడా ఉన్నాయి. పోలీసులు స్టేషన్‌లో కాపు కాస్తుంటే హీరో దువ్వాడలో ఎక్కడం ఊరు తెలిసినవాడు చేసే పని.

కాలినడక పరుగుకు పూర్ణా మార్కెట్, కురుపాం మార్కెట్, కోటవీధి సందులు సరిపోతాయి. కారు పట్టని చోట్లు కాబట్టి బడ్జెట్ కూడా కలిసొస్తుంది. ఉదయం ఆరుకి ముందే తీసేయండి, తర్వాత జనాన్ని ఆపడం కుదరదు. ఆర్కే బీచ్ రోడ్డులో తెల్లవారుజామున నడిచేవాళ్ల కోసం వాహనాలు ఆపేస్తారు, అక్కడ బైక్ ఛేజ్ ఆ వేళకు రాయవద్దు. డ్రోన్ ఆశ పెట్టుకోవద్దు. విమానాశ్రయం నేవీదే కాబట్టి ఊరి ఆకాశంలో చాలాభాగం నిషిద్ధమే. బీచ్ రోడ్డును పైనుంచి చూపాలంటే కైలాసగిరి మీంచి పొడవాటి లెన్సుతో తీయండి, అనుమతి నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్డీఏ ఇస్తుంది. ఏసీ కారులోంచి తీసిన కెమెరాను వెంటనే బీచ్‌లో తెరిస్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది. సంచి మూసే ఉంచి అరగంట బయట ఉంచండి. సాయంత్రానికి ఉప్పు తేమను తడిగుడ్డతో, ఆపై పొడిగుడ్డతో తుడవాలి.

హీరోకి ఆశ్రయమిచ్చేవాళ్ల భయం సినిమాల్లో సరిగ్గా కనబడదు, నాకది చాలా లోటుగా అనిపిస్తుంది. నేరస్థుడికి చోటిస్తే బీఎన్ఎస్ 249 కింద శిక్ష ఉంది. భార్యకో భర్తకో తప్ప ఇంకెవరికీ మినహాయింపు లేదు. కంచరపాలెంలో ఉండే అక్కకు కూడా లేదు. ఆమె తమ్ముడికి అన్నం పెడుతూ "నిన్ను పొమ్మననురా బావు. ఆల్లొచ్చి అడిగితే నానేటి సెప్పను?" అంటే చాలు, చట్టం మొత్తం ఆ మాటలో వచ్చేస్తుంది. ఈ యాసను నవ్వు కోసం మాత్రం వాడొద్దు. ఇక్కడి జనం ఏడ్చేటప్పుడూ, కోప్పడేటప్పుడూ మాట్లాడే భాష అదే.

క్లైమాక్స్‌లో హీరో డీవీఆర్‌ను ఎత్తుకుపోకూడదు, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని పరుగెత్తకూడదు. అలా చేస్తే నువ్వే మార్చావంటారు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి బీఎస్ఏ (భారతీయ సాక్ష్య అధినియం) 63 కింద సర్టిఫికెట్, హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తు) కావాలి. అతను చేయాల్సింది మూడు పనులు. లాయర్ని, గోడౌన్ మనిషిని పక్కన పెట్టుకుని, డీవీఆర్ తెర మీది టైమూ లాయర్ ఫోన్‌లోని టైమూ ఒకే ఫొటోలో పడేలా తీయించాలి. తర్వాత ప్లగ్ పీకేయాలి, దాంతో పాత రికార్డు చెరగడం ఆగుతుంది. చివరగా పోలీసులకు ఫోన్ చేయించి, వాళ్లొచ్చేదాకా అక్కడే కూర్చోవాలి. నాలుగు రోజులు పరుగెత్తినవాడు ఇప్పుడు కదలకుండా కూర్చోవాల్సి రావడమే మీ సినిమాలో అసలు సీను. దానికి కనీసం ఆరేడు నిమిషాలు ఇవ్వండి.

పోలీసులు రాగానే సారీ చెప్పి వదిలేసినట్టు చూపించకండి. ముందు అరెస్టు, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరు, రిమాండ్, అడవివరం సెంట్రల్ జైలు. డీవీఆర్ ఫోరెన్సిక్ ల్యాబ్‌కి వెళ్తుంది, సబ్‌స్టేషన్ లాగ్‌బుక్ నకలు, కాటా కంప్యూటర్ రికార్డు తెప్పిస్తారు. సాక్ష్యం చాలదని తేలితే బీఎన్ఎస్ఎస్ 189 కింద విడుదల. పారిపోయినందుకే దోషి అని కోర్టులు తేల్చవు, ప్రవర్తనలో ఒక అంశంగా మాత్రమే చూస్తాయి. ఇదంతా తీయనక్కర్లేదు. ప్లగ్ పీకిన సీను తర్వాత "కొన్ని వారాల తర్వాత" అని కార్డు వేసి, జైలు గేటు దగ్గర అక్కతో ఒక్క షాట్ తీస్తే సరిపోతుంది. జైలు లోపల తీయాలంటే అనుమతులకు చాలాకాలం పడుతుంది కాబట్టి గేటు కూడా సెట్ వేసుకోవడమే మంచిది.